మెట్లు ఎవరు కడతారు?

ఇలా రండర్రా, కుంపటి దగ్గరికి జరిగి కూచోండి. మన చిన్నమ్మడు ఫోనులో బొమ్మ చూసి వీణ కొంటుందిట! కొనుక్కో తల్లీ, వద్దనను. కాకపోతే మా నాన్నగారు నాకు వీణ కొన్న వైనం విని కొనుక్కో.

వీణంటే మన గోదావరి వాళ్ళకి మొదణ్ణించీ పిచ్చే. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని, ఠాగూరంతటి వాడు ఆయన్ని శాంతినికేతనానికి పిలిపించుకున్నాడు. ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ఇదిగో, ఈ ద్రాక్షారామంలోనే పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుది కాకినాడ. 1948లో విజయవాడ రేడియో వచ్చింది కదా, పక్కింట్లో అది వినీ వినీ నేనూ నేర్చుకుంటానని మొండికేశాను.

అమలాపురంలో ఒకరింట్లో పాత వీణ అమ్ముతున్నారని కబురొచ్చింది. అప్పటికి వంతెన ఏదీ? బోడసకుర్రు రేవులో పంటెక్కి వైనతేయ దాటి వెళ్ళాం. దంతపు పని, నగిషీలు, నోరు తెరిచిన యాళి తల... చూస్తే కళ్ళు చెదిరాయనుకో. నాన్నగారు డబ్బు తియ్యబోతుంటే వెంట వచ్చిన మా వీణ మేష్టారు ఆపారు. వీణని కంటి ఎత్తుకి లేపి, తుపాకీ గురి చూసినట్టు దండి పొడుగునా చూశారు. సన్నగా వంగింది. "దండి వంగితే తీగ ఒక మెట్టుకి ఎడం, ఇంకో మెట్టుకి రాపిడి. మైనం పెట్టి ఎంతని సర్దుతామండీ?" అన్నారు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాం.

"మన దొడ్లో పనసచెట్టుంది, కొట్టించి బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళకి పంపిద్దామా?" అన్నారు నాన్నగారు. మేష్టారు పకపకా నవ్వారు. ముదురు పనస కావాలి, కొట్టాక బాగా ఆరాలి, అప్పుడుగానీ ఉలి పెట్టరుట. పచ్చి కర్రతో చేస్తే తరవాత కుంచించుకుపోతుంది, పగుల్తుంది. సరే, బొబ్బిలే వెళ్దామనుకున్నారు. అమ్మ గరాజీలు కట్టిచ్చింది. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి కోటిపల్లి, అక్కణ్ణించి సామర్లకోట చేరి రైలు. విజయనగరంలో బండి మారాలి.

బొబ్బిలి పక్కన గొల్లపల్లి అని ఊరు. సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా చేసేది వీణలే. కుండా దండీ అతుకు లేకుండా ఒకే మొద్దులో తొలిచేస్తే ఏకాండి వీణ. వరసగా పెట్టి ఉంటే నేను రంగులు చూస్తున్నాను, మేష్టారు కళ్ళు మూసుకున్నారు. కుండ మీద వేలి కణుపుతో కొట్టి విన్నారు. సారణి మీటి వదిలేసి, నాదం ఎంతసేపు నిలుస్తుందో చూశారు. ఒక్కో మెట్టు మీదా తీగని పక్కకి లాగి, గమకం ఎక్కడైనా గరగరమంటుందేమో విన్నారు. బిరడాలు జారుతున్నాయా, గుర్రం మీద కంచు రేకు సరిగ్గా కూచుందా, అన్నీ అయ్యాక నా ఒళ్ళో పెట్టించి, ఎడంచెయ్యి చివరి మెట్టు దాకా అందుతుందో లేదో చూశారు. అన్నిటికంటే అందంగా ఉన్న వీణ కాదు సుమా, చివరికి ఎంచింది.

నాన్నగారు ఖరీదడిగితే వీణ చేసిన పెద్దాయన ఎదురు ప్రశ్న వేశాడు: "బాబూ, మీ ఊళ్ళో మెట్లు ఎవరు కడతారు?"

నాన్నగారికి అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. మెట్లు 24. అవి కర్రలో దిగేసినవి కావు, మైనంలో బొగ్గుపొడి కలిపి దాని మీద నిలబెట్టినవి. ఎండకి మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది. వెంట్రుకవాసి జరిగినా స్వరం అపస్వరమే. చెవి గట్టి మనిషి మళ్ళీ మైనం వేసి, ఒక్కో మెట్టూ శ్రుతికి పలికించి నిలబెట్టాలి. ఆ మనిషి లేకపోతే ఎంత మంచి వీణైనా గోడకి ఆనించుకోవాల్సిందే. మన కోనసీమ ఎండలూ, ఉక్కా తెలిసినవేగా!

మా మేష్టారు నాలుగూళ్ళు వాకబు చేసి మెట్లు కట్టే ఆయన్ని పట్టుకున్నారు. వేసవి వెళ్ళాక వచ్చేవాడు. చుట్టుపక్కల ఇళ్ళ వీణలు కూడా మా అరుగు మీదికే చేరేవి. ఆయన పని చేస్తున్నంతసేపూ అమ్మ రోకలి పోటు ఆపించేది, మమ్మల్ని దొడ్లోకి తరిమేది. నాన్నగారు చీటికీ మాటికీ బేరమాడే మనిషే. వీణ దగ్గరా ఆడారు. మెట్లు కట్టే ఆయన దగ్గర మాత్రం ఏనాడూ ఆడలేదు. పైగా వెళ్ళేటప్పుడు కొబ్బరికాయలు మూటగట్టి ఇచ్చేవారు.

ఇప్పుడు బొబ్బిలి దాకా ఎందుకంటావా, నూజివీడులోనూ చేస్తారు, మనకి దగ్గర. మీ టీచరు గారిని వెంటబెట్టుకెళ్ళు. ఫోనులోనే కొంటానంటావా, అదీ సరే. బొమ్మలు చూడ్డం ఆపి, మెట్లు కదిలితే ఎవరొస్తారయ్యా అని ముందు ఆ అమ్మేవాణ్ణి అడుగు. పేరూ ఊరూ చెబితే అప్పుడు ఖరీదు మాట్లాడదాం, డబ్బు నేనిస్తాను.