ఇరుంగాట్టుకోట్టై: ఒక క్లబ్బు కట్టుకున్న సొంత ట్రాక్

చెన్నై నుంచి బెంగళూరు హైవే మీద వెళ్తుంటే, శ్రీపెరుంబుదూరు ఇంకా రాకముందే ఇరుంగాట్టుకోట్టై తగులుతుంది. హ్యుందయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. ఆ ఫ్యాక్టరీ రాకముందే, 1990లో, ఇక్కడ రేస్ ట్రాక్ మొదలైంది. మోటారు పందేల కోసమే కట్టిన శాశ్వత సర్క్యూట్ మన దేశంలో అదే మొదటిది. నిడివి 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, తన సభ్యుల పట్టుదలతో దీన్ని నిలబెట్టింది.

అంతకు ముందు క్లబ్బు పందేలు షోళవరంలో జరిగేవి. రెడ్ హిల్స్ దాటి నెల్లూరు వైపు వెళ్లే దారిలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. మద్రాసులో ఒక తరం మొత్తానికి రేసంటే షోళవరమే. జనం వేలల్లో వచ్చేవారు. కానీ విమానాల కోసం వేసిన నేల మీద ఎంతకాలమని పందేలు నడపగలరు? పోటీ వచ్చిన ప్రతిసారీ అన్నీ కొత్తగా అమర్చుకోవాలి, అయిపోగానే విప్పుకోవాలి. సొంత నేల కావాలన్న తపన అక్కడే పుట్టింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే మనిషి ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో పుట్టి, రేసు కార్లు తయారుచేయడానికే జీవితం ధారపోశారు. మారుతి 800 ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కారు తయారుచేసి, ఫార్ములా మారుతి పోటీలకు ప్రాణం పోశారు. విదేశీ కారు కొనలేని కుర్రాడికి కూడా అసలైన రేసు కారులో కూర్చునే దారి దొరికింది. నరైన్ కార్తికేయన్ తన మొదటి రేసు ఇరుంగాట్టుకోట్టైలోనే, ఫార్ములా మారుతిలో నడిపి, మొదటి ముగ్గురిలో నిలిచాడు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు అతనే. కరివర్ధన్ అది చూడలేదు. 1995లోనే విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు.

ట్రాక్ అంటే తారు రోడ్డు ఒక్కటే అనుకుంటారు. నన్నడిగితే ముందు, పందెం భద్రత చూసే మార్షళ్ల పోస్టు దగ్గర నిలబడి చూడమంటాను. నెత్తిన ఎండ, చేతిలో మడిచిన జెండాలు, కాళ్ల దగ్గర మంటలార్పే సిలిండర్, చెవికి ఆనించిన వాకీటాకీ. మలుపులో ఎవరైనా పడితే పసుపు జెండా లేస్తుంది. ఇక ఎవరూ ఎవరినీ దాటకూడదు. వెనక నుంచి వేగంగా వస్తున్న కారుకు దారివ్వమని నీలం జెండా. రేసు ఆపాలంటే ఎరుపు. రోడ్డు మీద ఆయిల్ ఒలికితే ఎరుపు, పసుపు చారల జెండా. ఈ పని చేసేవాళ్లు జీతగాళ్లు కారు, ఆటంటే ఇష్టంతో వచ్చేవాళ్లు. పందెం రోజున డ్రైవర్ల ప్రాణాలు వీళ్ల కళ్లలో ఉంటాయి.

ఒక మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. 2023 ఆగస్టులో జాతీయ మోటార్ సైకిల్ పోటీల్లో పదమూడేళ్ల కుర్రాడు ఇక్కడే ప్రాణాలు కోల్పోయాడు. మిగతా రేసులు రద్దు చేశారు. ఇంత పొగడ్త మధ్య ఇదెందుకని ఎవరైనా అనవచ్చు. ఇక్కడే రాయాలి. పసివాళ్లను బరిలోకి దించే ముందు వయసు, శిక్షణ, బండి శక్తి, రోడ్డు పక్కన ఖాళీ జాగా, అన్నిటినీ మళ్లీ మళ్లీ సరిచూసుకునే బాధ్యత ఈ ఆటను ప్రేమించే మనందరిదీ.

సొంత ట్రాక్ ఎందుకు కావాలో హైదరాబాద్ అనుభవం చెబుతుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తినప్పుడు ఆ నగరం ఊగిపోయింది. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. వీధుల్లో వేసిన ట్రాక్ ఆ రేసుతోనే సరి. ఇరుంగాట్టుకోట్టైలో అయితే పోటీలు లేని రోజుల్లో కూడా రైడింగ్ స్కూళ్లు నడుస్తాయి, కంపెనీలు బళ్లు పరీక్షించుకుంటాయి. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో బైకు మీద మోజుతో బయలుదేరే కుర్రాడు హైవే మీద కాకుండా హెల్మెట్, లెదర్ సూటు వేసుకుని, మార్షళ్ల కళ్లెదుట వేగం నేర్చుకోగల చోటు ఇది. అలాంటి చోట్లు ఆంధ్రలో, తెలంగాణలో ఇంకా రావాలి. అందుకు పూనుకునే క్లబ్బులు ముందుగా తమ మార్షళ్లను ఇక్కడికి పంపి తర్ఫీదు ఇప్పించాలి.