కూర్చున్నచోటి నుంచే కాలినడక

మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకున్నాక రోజూ ఒక గంట పారిస్ వెళ్ళొస్తాను. నవ్వకండి! కంప్యూటర్లో మ్యాపు తెరిచి, వీధిలో కనిపించే బాణం గుర్తు నొక్కుతూ పోవడమే. సీన్ నది గట్టున పాత పుస్తకాల పెట్టెలు, కాఫీ హోటళ్ళ ముందు బల్లలు అన్నీ చూసుకుని, టీ పెట్టే వేళకి ఇంట్లో ఉంటాను. వీసా అక్కర్లేదు, కాళ్ళనొప్పులూ ఉండవు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసి తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. పదిహేను నెలలు! ఆయన దారి పొడుగునా రాసిపెట్టినది చదివి, గడప దాటనివాళ్ళు కూడా కాశీ చూసినంత సంబరపడి ఉంటారు. నా తిరుగుళ్ళకి మాత్రం 2007 మేలో దారి పడింది. గూగుల్ వారి స్ట్రీట్ వ్యూ ఆ నెలలో అమెరికాలోని 5 నగరాలతో మొదలైంది. నెత్తిన కెమేరాలు బిగించుకున్న కార్లు వీధి వీధీ తిరిగి నాలుగు వైపులా ఫొటోలు తీస్తాయి. వాటిని ఒకదానికొకటి అతికిస్తే మనమే నడుస్తున్నట్టుంటుంది.

ఇదంతా ఊసుపోని వ్యవహారమనే అనుకున్నాను, నామియే చూసేదాకా. జపాన్లో ఫుకుషిమా ప్రాంతంలో సముద్రపు ఒడ్డు పట్టణమది. 2011 మార్చి 11న భూకంపం, సునామీ, ఆపైన అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం. దాదాపు 21 వేలమంది ఊరు విడిచిపోయారు. రెండేళ్ళయినా తిరిగొచ్చి కాపురముండే వీల్లేదు. అప్పుడు ఆ ఊరి మేయరే కోరి ఆ కారుని పిలిపించారు. 2013 మార్చిలో ఫొటోలు మ్యాపులోకెక్కాయి. కూలిన ఇళ్ళు, మూసిన దుకాణాలు, ఒడ్డుకి కొట్టుకొచ్చి పడివున్న పడవ, మనిషి జాడ లేని వీధులు. నేను కాలక్షేపానికి తిరిగే వీధిలోనే, ఎక్కడో తలదాచుకున్న ఒక ఇల్లాలు తన గుమ్మం వెతుక్కుని ఉంటుంది కదా అనిపించి గొంతు పట్టేసింది. 2017లో గానీ ఆ ఊళ్ళో కొంత భాగానికైనా తిరిగి రానివ్వలేదు.

సాయంత్రం అమ్మకి చూపించాను. అమ్మ పుట్టిన ఊరు 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళల్లో మునిగిపోయింది.

"మా ఊరూ చూపించవే," అంది.

వెతికాను. మ్యాపులో అంతా నీలం రంగే. ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను. అమ్మే ఆ నీలం మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ రామాలయం. పక్క సందులో మన ఇల్లు. బావి ఇటువైపు," అంటూ చెప్పుకుపోయింది.

గబగబా కాయితం తెచ్చుకుని రాసుకున్నాను. ఆ సందులోకి ఏ కారూ వెళ్ళలేదు, ఇక వెళ్ళదు. అమ్మ చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి.