అమెరికా కళాశాల ఫుట్‌బాల్: క్రీడాకారులకు డబ్బు చెల్లింపు మొదలయ్యాక జట్ల ఎంపిక ఎలా మారింది?

అమెరికాలో పాఠశాల చదువు ముగించబోతున్న ఫుట్‌బాల్ క్రీడాకారులను తమ జట్లలో చేర్చుకొనేందుకు విశ్వవిద్యాలయాలు సాగించే ప్రయత్నాన్ని ‘రిక్రూటింగ్’ అంటారు. దశాబ్దాల పాటు ఈ పోటీలో విశ్వవిద్యాలయం చట్టబద్ధంగా ఇవ్వగలిగింది చదువు, వసతి, భోజనం ఖర్చులను భరించే ఉపకార వేతనం మాత్రమే. అంతకు మించి రూపాయి విలువ చేసే కానుక ముట్టినా క్రీడాకారుడిపై వేటు పడేది. 2021 జులై 1 నుంచి ఆ పరిస్థితి మారింది. 2025 జులై 1 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా క్రీడాకారులకు డబ్బు చెల్లిస్తున్నాయి. ఈ మార్పు ఎలా వచ్చింది, ఎంపిక ప్రక్రియ ఇప్పుడు ఎలా సాగుతోంది, ఇంకా తేలని ప్రశ్నలేమిటి అన్నవి ఈ కథనంలో చూద్దాం.

కళాశాల జట్లకు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచే క్రీడ మనకు తెలిసిన సాకర్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ ఆడే ఆట అది. అందులో వృత్తి క్రీడాకారుల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. పాఠశాల చదువు పూర్తయి మూడేళ్లు గడవని వారిని ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకోదు. ఆ మూడేళ్లు ఆడుతూ ఎదగడానికి కళాశాల జట్టును మించిన మార్గం దాదాపుగా లేదు. మరోవైపు, పెద్ద విశ్వవిద్యాలయాల మ్యాచ్‌లకు లక్షమంది పట్టే స్టేడియాలు కూడా నిండిపోతాయి. 1984లో ఒక్లహోమా విశ్వవిద్యాలయ పాలక మండలి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడ్డాక, టీవీ ప్రసార హక్కులను కళాశాలలు, వాటి కూటములు స్వయంగా అమ్ముకొనే వీలు కలిగింది. దాంతో ఆదాయం అనేక రెట్లు పెరిగింది. ఆ డబ్బు కోచ్‌ల జీతాలకు, భవనాలకు చేరింది. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు, ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తమే 7.5 కోట్ల డాలర్లకు పైబడింది. ఆడేవారికి మాత్రం ఉపకార వేతనమే మిగిలింది.

ఒక పదం, దాని వెనుక చట్టం

కళాశాల క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ. 1906లో ఏర్పడిన ఈ సంస్థ తన క్రీడాకారులను ‘విద్యార్థి-క్రీడాకారుడు’ అనే జంటపదంతో పిలుస్తుంది. ఈ పదం 1950లలో పుట్టింది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఏ అండ్ ఎం కళాశాల జట్టు సభ్యుడొకరు మ్యాచ్‌లో తలకు తగిలిన గాయంతో మరణించారు. పనిలో మరణించిన కార్మికుడి కుటుంబానికి దక్కే పరిహారం తనకూ ఇవ్వాలని ఆయన భార్య కోరారు. కొలరాడో సుప్రీంకోర్టు 1957లో ఆ అభ్యర్థనను తిరస్కరించింది. క్రీడాకారులను ఉద్యోగులుగా గుర్తిస్తారన్న భయంతోనే ఆ పదాన్ని తయారుచేసి, అన్నిచోట్లా వాడాలని ఆదేశించామని అప్పటి ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బయర్స్ తన పుస్తకంలో తర్వాత రాశారు. ఆ పదంలోని మొదటి సగమే ఆరు దశాబ్దాలకు పైగా వేతనానికి అడ్డుగోడగా నిలిచింది.

గోడ ఉన్నా దొడ్డిదారి చెల్లింపులు ఆగలేదు. క్రీడాకారులకు దాతల ద్వారా డబ్బు ముట్టజెప్పినందుకు సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం 1987 సీజన్ మొత్తం ఆడకుండా ఎన్‌సీఏఏ నిషేధించింది. కళాశాల ఫుట్‌బాల్‌లో ‘మరణశిక్ష’గా పేరుపడిన శిక్ష అది. కానుకలు స్వీకరించిన వ్యవహారంలో రెగ్గీ బుష్ 2005లో గెలిచిన హైస్‌మన్ ట్రోఫీని 2010లో వదులుకున్నారు. కాలం మారాక, 2024 ఏప్రిల్‌లో నిర్వాహకులు దాన్ని ఆయనకు తిరిగి ఇచ్చారు.

కోర్టుల్లో కూలిన గోడ

యూసీఎల్‌ఏ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ తన రూపాన్ని వీడియో గేమ్‌లో వాడుకోవడంపై 2009లో వేసిన దావా ఈ మార్పుకు తొలి మెట్టు. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ నిబంధనలు గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తీర్పిచ్చారు. క్రీడాకారులు వాణిజ్య ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చంటూ 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు పరిధి చదువుకు సంబంధించిన ప్రయోజనాల వరకే. అయితే చట్టానికి ఎన్‌సీఏఏ అతీతం కాదని జస్టిస్ బ్రెట్ కావనా విడిగా రాసిన అభిప్రాయం మిగతా నిబంధనల భవిష్యత్తునూ సూచించింది. తొమ్మిది రోజుల తర్వాత ఎన్‌సీఏఏ వెనక్కి తగ్గింది. పేరు, చిత్రం, రూపం ద్వారా వచ్చే ఆదాయాన్ని క్రీడాకారులు తీసుకొనేందుకు జులై 1 నుంచి అనుమతించింది. ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు.

ప్రకటనల పేరుతో మొదలైనది త్వరలోనే ఎంపిక పోటీకి ఇంధనంగా మారింది. అభిమానులు, సంపన్న పూర్వ విద్యార్థులు కలిసి ‘కలెక్టివ్’ అనే సంస్థలను ఏర్పాటు చేసి, విరాళాలు పోగుచేసి క్రీడాకారులతో ఒప్పందాలు కుదుర్చుకున్నారు. జట్టులో చేరకముందే ఇలాంటి బేరాలు జరపరాదన్న ఎన్‌సీఏఏ నిబంధన అమలును 2024 ఫిబ్రవరిలో టెనసీలోని ఫెడరల్ కోర్టు నిలిపివేసింది.

హౌస్ రాజీ ఒప్పందం ఏం చెబుతోంది?

అరిజోనా స్టేట్ ఈతగాడు గ్రాంట్ హౌస్ పేరుతో 2020లో దాఖలైన సామూహిక దావా చివరకు రాజీతో ముగిసింది. న్యాయమూర్తి విల్కెన్ 2025 జూన్ 6న దానికి తుది ఆమోదం తెలిపారు. ముఖ్యాంశాలివి:

• 2016 నుంచి ఆడిన క్రీడాకారులకు పాత బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లను పదేళ్లలో చెల్లించాలి.

• ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయం 2025-26లో గరిష్ఠంగా సుమారు 2.05 కోట్ల డాలర్లను తన అన్ని క్రీడల క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. ఈ పరిమితి ఏటా పెరుగుతుంది. ఐపీఎల్ ఫ్రాంచైజీలకు వేలంలో ఉండే ‘పర్సు’తో దీన్ని పోల్చవచ్చు. అయితే ఇక్కడ వేలం లేదు, మూలధర లేదు. ఎవరికి ఎంత అన్నది విశ్వవిద్యాలయం ఇష్టం.

• ఫుట్‌బాల్‌లో 85 ఉపకార వేతనాల పరిమితి పోయి, జట్టులో 105 మంది అన్న పరిమితి వచ్చింది.

• బయటి సంస్థలతో 600 డాలర్లకు మించిన ప్రతి ఒప్పందాన్నీ ‘ఎన్‌ఐఎల్ గో’ అనే వేదికలో నమోదు చేయాలి. అది నిజమైన వ్యాపార ప్రయోజనం కోసమా, లేక జీతానికి మారుపేరా అన్నది కొత్తగా ఏర్పడిన కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ పరిశీలిస్తుంది.

ఎంపిక ఇప్పుడెలా సాగుతోంది?

పాఠశాల స్థాయిలో అన్వేషణ మునుపటిలాగే ఉంది. ప్రత్యేక వెబ్‌సైట్లు ఆటగాళ్లకు రెండు నుంచి ఐదు వరకు నక్షత్రాల రేటింగ్ ఇస్తాయి. కోచ్‌లు ఇళ్లకు వెళ్తారు, కుటుంబాలను ప్రాంగణాలకు ఆహ్వానిస్తారు. నోటి మాటగా ఇచ్చిన హామీకి చట్టబద్ధత లేదు. డిసెంబరు తొలివారంలో సంతకాల ఘట్టం ఉంటుంది. 1964 నుంచి అమల్లో ఉన్న ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ను 2024 అక్టోబరులో రద్దు చేశారు. దాని స్థానంలో ఆర్థిక సహాయ ఒప్పందం, ఆదాయ పంపక ఒప్పందం వచ్చాయి.

పెద్ద మార్పు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌తో వచ్చింది. 2018 అక్టోబరులో మొదలైన ఈ నమోదు వ్యవస్థలో పేరు చేర్చిన ఆటగాడిని ఇతర విశ్వవిద్యాలయాలు సంప్రదించవచ్చు. మునుపు కళాశాల మారితే ఏడాది పాటు ఆటకు దూరంగా ఉండవలసి వచ్చేది. 2021లో ఒకసారికి ఆ షరతు తొలగింది. 2024 ఏప్రిల్ నుంచి, చదువులో అర్హత నిలుపుకొంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. 2026లో ఈ గవాక్షాన్ని జనవరి 2 నుంచి 16 వరకే తెరిచారు.

ఫలితంగా కోచ్‌ల లెక్కలు మారాయి. పదిహేడేళ్ల కుర్రాడు ఎదిగేదాకా వేచి చూడటం కన్నా, మరోచోట నిరూపించుకున్న ఇరవై రెండేళ్ల ఆటగాడిని తెచ్చుకోవడం మేలని పలువురు భావిస్తున్నారు. ఓటముల చరిత్రకు పేరుపడిన ఇండియానా విశ్వవిద్యాలయం ఇందుకు ఉదాహరణ. కోచ్ కర్ట్ సిగ్నెట్టి తన పాత కళాశాల జేమ్స్ మాడిసన్ నుంచి పలువురిని వెంట తెచ్చుకున్నారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా 2025 హైస్‌మన్ ట్రోఫీ గెలిచారు. 2026 జనవరిలో ఇండియానా జాతీయ విజేతగా నిలిచింది. వృత్తి జట్ల తరహాలో ‘జనరల్ మేనేజర్’ పదవి కూడా పుట్టింది. స్టాన్‌ఫర్డ్ 2024 నవంబరులో తన పూర్వ విద్యార్థి, ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ను ఆ బాధ్యతలో నియమించింది.

నష్టపోతున్నది ఎవరు?

వాగ్దానాలన్నీ నెరవేరడం లేదు. క్వార్టర్‌బ్యాక్ జేడెన్ రషాడాకు ఫ్లోరిడాలో ఆడేందుకు 1.385 కోట్ల డాలర్ల ఒప్పందం చూపారు. ఆ డబ్బు రాలేదు. మోసపోయానంటూ ఆయన 2024 మేలో కోచ్ బిల్లీ నేపియర్ తదితరులపై దావా వేశారు. కళాశాల క్రీడాకారుడు ఒక ఫుట్‌బాల్ కోచ్‌పై ఎన్‌ఐఎల్ వాగ్దానం విషయమై కోర్టుకెక్కిన కేసుగా అది దేశమంతటా చర్చకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో యూఎన్‌ఎల్‌వీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, తనకు చెబుతూ వచ్చిన సొమ్ము అందలేదంటూ మూడు మ్యాచ్‌ల తర్వాత సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. మూడింటిలోనూ జట్టు గెలిచింది. చెల్లింపు హామీ ఏదీ లేదన్నది విశ్వవిద్యాలయం పక్షాన వచ్చిన వాదన. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఒప్పందాలపై ఏజెంట్ల రుసుముకు 3 శాతం గరిష్ఠ పరిమితి ఉంది. కళాశాల ఆటగాళ్లకు అలాంటి దేశవ్యాప్త రక్షణ లేదు.

పాఠశాల ఆటగాళ్లకు దక్కే చోట్లు తగ్గడం, చిన్న విశ్వవిద్యాలయాలు పెంచిన ప్రతిభను పెద్దవి ఎగరేసుకుపోవడం మరికొన్ని ఫిర్యాదులు. ఆదాయంలో అధిక భాగం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుండటంతో, లింగ వివక్షను నిషేధించే ‘టైటిల్ 9’ చట్టం కింద మహిళా క్రీడాకారులు బకాయిల పంపిణీని సవాలు చేశారు. విదేశీ విద్యార్థుల సమస్య వేరు. అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు సుపరిచితమైన ఎఫ్-1 వీసా నిబంధనలే వారికీ వర్తిస్తాయి. ఉపాధిపై ఆ వీసా విధించే ఆంక్షల వల్ల, కళాశాల జట్లలో బంతిని తన్నే పంటర్లుగా పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియన్లు తోటివారిలా ఒప్పందాలపై సంతకాలు చేయలేకపోతున్నారు.

తేలవలసినవి

అసలు ప్రశ్న 1955 నాటిదే: ఆడేవారు విద్యార్థులా, ఉద్యోగులా? 2014లో నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ క్రీడాకారులు ఉద్యోగులేనని కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చగా, 2015లో పూర్తి బోర్డు ఈ వివాదాన్ని తన పరిధిలోకి తీసుకోవడానికి నిరాకరించింది. కొందరు క్రీడాకారులు కనీస వేతన చట్టం కింద ఉద్యోగులు కావచ్చని 2024 జులైలో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అభిప్రాయపడింది. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 జులైలో కళాశాల క్రీడలపై కార్యనిర్వాహక ఉత్తర్వు జారీచేశారు. ఎన్‌సీఏఏకు దావాల నుంచి పరిమిత రక్షణ కల్పిస్తూ, క్రీడాకారులను ఉద్యోగులుగా పరిగణించరాదని చెప్పే ‘స్కోర్’ బిల్లు అదే నెలలో ప్రతినిధుల సభ ముందుకు వచ్చింది.

ఉద్యోగులుగా గుర్తింపు లభిస్తే సంఘం పెట్టుకొనే హక్కు, వేతన బేరం, గాయాలకు పరిహారం వెంట వస్తాయి. గుర్తింపు లేకపోతే, కోట్ల ఒప్పందం చేసుకున్న క్వార్టర్‌బ్యాక్ అయినా, పేరు తెలియని నూట ఐదో ఆటగాడైనా మైదానంలో గాయపడితే కార్మికుడికి దక్కే పరిహారాన్ని హక్కుగా అడగలేరు.