పొడిరేవు నుండి నడిసముద్రమునకు

సముద్రగర్భము నుండి చమురు తీయవలెనన్న నీటి మధ్య ఒక గట్టి వేదిక ఉండవలెను. ఐరోపాలోని ఉత్తర సముద్రము తుఫానులకు పేరొందినది; అచట 25 మీటర్లకు మించిన అల 1995లో కొలవబడినది. అట్టి చోట లక్షల టన్నుల కట్టడమును నీటిలో నిలిచి కట్టుట సాధ్యము కాదు. ఒడ్డున కట్టినచో, దానిని ఎత్తగల క్రేను ప్రపంచములో లేదు. ఈ చిక్కును విప్పినది ఆర్కిమెడీస్ సూత్రమే.

1969 చివర నార్వేకు చెందిన సముద్రభాగమున, ఎకోఫిస్క్ వద్ద గొప్ప చమురు నిక్షేపము బయటపడినది. అచట సుమారు 70 మీటర్ల లోతున, పది లక్షల పీపాల చమురు పట్టు కాంక్రీటు తొట్టిని 1973లో నిలిపిరి. దాని అడుగుభాగము స్టవాంగర్ పట్టణము చెంత ఫియర్డు ఒడ్డున కట్టబడినది. కొండల నడుమ భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన లోతైన సముద్రపు పాయను ఫియర్డు అందురు. ఈ అనుభవము నుండి 'కాండీప్' అను నమూనా రూపొందినది. దానిలో మొదటిదగు బెరిల్-ఎ వేదిక 1975లో సముద్రమున నిలిచినది.

డ్రై డాక్, అనగా పొడిరేవు, సముద్రమట్టముకంటె లోతుగా త్రవ్వి, అడ్డుకట్టతో నీరు రాకుండ చేసిన గొయ్యి. అందులో ధాన్యపు గాదెలను పోలిన కాంక్రీటు గదులను కొంత ఎత్తువరకు కట్టి, తరువాత నీరు వదలుదురు. గదులు బోలుగా నుండుటచే కట్టడము తేలును. 10,000 చదరపు మీటర్ల అడుగుగల పెట్టె ఒక్క మీటరు మునిగినచో సుమారు 10,250 టన్నుల ఉప్పునీరు తొలగును; అంత బరువును సముద్రమే మోయునన్నమాట.

కట్టడమంతయు రేవులోనే పూర్తిచేసినచో అది తేలుటకు రేవు లోతు చాలదు. కనుక అడ్డుకట్ట తీసి, అడుగుభాగమును లోతైన ఫియర్డులోనికి లాగుదురు. అచట అచ్చును మెల్లగా పైకి జరుపుచు, రేయింబవళ్లు కాంక్రీటు పోసి గోడలను, స్తంభములను పెంచుదురు. పిమ్మట గదులలోనికి నీరెక్కించి, స్తంభముల కొనలు మాత్రమే కనబడునట్లు ముంచుదురు. యంత్రములున్న ఉక్కు అంతస్తును బార్జీలపై తెచ్చి సరిగా స్తంభములపై నిలుపుదురు. గదులలోని నీటిని తోడగా కట్టడము లేచి, ఆ అంతస్తును తానే తలకెత్తుకొనును. తరువాత టగ్గు పడవలు దానిని నడిసముద్రమునకు లాగుకొనిపోవును.

ఈ ముంచుటయే అన్నిటికంటె కఠినమైన పరీక్ష. కట్టడము తన జీవితకాలములో ఎన్నడు చూడనంత లోతునకు అపుడే దిగును. 1991 ఆగస్టు 23న స్లైప్నర్-ఎ వేదిక అడుగుభాగమును గాండ్స్ ఫియర్డులో ఇట్లు ముంచుచుండగా ఒక గోడ పగిలి నీరు లోనికి దూకినది. కొలది నిమిషములలో అది మునిగి, అడుగున ముక్కలైనది. ఆ తాకిడి భూకంప యంత్రములపై 3 పరిమాణముగల కంపనముగా నమోదైనది. అందరును ప్రాణములతో బయటపడుట అదృష్టము.

కారణమేమి? మూడు గుండ్రని గదులు కలియుచోట ఒక ముక్కోణపు సందు మిగులును. అది పైకి తెరచియుండుటచే దానిలో సముద్రపు నీరు నిండి గోడలను నెట్టును. కంప్యూటరు లెక్కలో ఈ గోడలను చిన్న భాగములుగా విభజించుట తగినంత సూక్ష్మముగా జరుగలేదు. అందుచే గోడను కోయజూచు బలము 47 శాతము తక్కువగా తేలినది. అచట వేసిన ఇనుప చువ్వల పొడవు కూడ చాలలేదు. ప్రమాదము తరువాత సూక్ష్మముగా లెక్కించగా, 62 మీటర్ల నీటి ఒత్తిడికి గోడ పగులునని వచ్చినది. నిజముగా పగిలినది 65 మీటర్ల వద్ద!

క్రొత్త అడుగుభాగమును మరల కట్టి 1993లో సముద్రమున నిలిపిరి. 1995లో ఇదే విధముగా పూర్తియైన ట్రోల్-ఎ ఎత్తు 472 మీటర్లు. అది 303 మీటర్ల లోతు నీటిలో నిలిచినది. స్లైప్నర్ విషయమున ఆర్కిమెడీస్ సూత్రము తప్పలేదు, యంత్రము కూడ తనకిచ్చిన లెక్కనే చేసినది. యంత్రమిచ్చిన జవాబును మరియొక మార్గమున సరిచూచుకొనవలెనను పాఠమును ఆ ఫియర్డు నేర్పినది. తరగతి గదిలో లెక్క చేయు విద్యార్థికి సైతము ఈ పాఠము వర్తించును.