మార్చి, మే, నవంబరు: టెక్సాస్‌లో మన ఓటు ఎప్పుడెప్పుడు?

నవంబరులో ఓటు వేసి స్టిక్కర్‌తో ఫోటో పెట్టే మనవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. నేనుండే డాలస్ పరిసరాల్లో వాళ్లనే "మార్చిలో వేశారా?" అని అడిగితే మాత్రం "మార్చిలో ఏం ఎన్నికలు?" అని తిరిగి అడుగుతారు. టెక్సాస్‌లో చాలా సీట్లు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. అలాంటి చోట అసలు పోటీ మార్చిలోనే అయిపోతుంది.

ఇండియాలో టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం చేతికొస్తేనే అభ్యర్థి. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరే. ప్రైమరీ అంటే అదే.

టెక్సాస్‌లో ఓటరు నమోదు ఫారంలో పార్టీ అడగరు. సరిసంఖ్య సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం పోలింగ్ కేంద్రానికి వెళ్లి, రిపబ్లికనా డెమోక్రాటా ఏ బ్యాలెట్ కావాలో చెప్పాలి. రెండూ ఇవ్వరు. "అలా చెబితే ఆ పార్టీ ముద్ర పడిపోతుందా?" అన్నది నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఆ ఒక్క సంవత్సరానికే. నవంబరులో ఎవరికైనా వేసుకోవచ్చు. మీరు ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది బహిరంగ రికార్డే, ఎవరికి వేశారన్నది మాత్రం రహస్యం.

ప్రైమరీలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రన్ ఆఫ్ పెడతారు. అది మే నెల నాలుగో మంగళవారం. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్లు మేలో రెండో పార్టీ రన్ ఆఫ్‌లో వేయడానికి లేదు. మార్చిలో అసలు వేయనివాళ్లు మాత్రం ఏదో ఒక పార్టీ రన్ ఆఫ్‌లో వేయొచ్చు.

రన్ ఆఫ్‌ను తేలిగ్గా తీసుకోకూడదనడానికి 2012 సెనేట్ ఎన్నికే ఉదాహరణ. ఆ ఏడాది తేదీలు మారి ప్రైమరీ మేలో, రన్ ఆఫ్ జూలై 31న జరిగాయి. రిపబ్లికన్ ప్రైమరీలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్‌కు 44 శాతం పైగా, టెడ్ క్రూజ్‌కు 34 శాతం వచ్చాయి. రన్ ఆఫ్‌లో క్రూజ్ దాదాపు 57 శాతంతో గెలిచి, నవంబరులో సెనేటర్ అయ్యారు. రన్ ఆఫ్‌లో పడినవి 11 లక్షల ఓట్లు, నవంబరులో దాదాపు 78 లక్షలు. ఆయన నచ్చారా లేదా అన్నది వేరే సంగతి, తీర్పిచ్చింది ఎంత మందో చూడండి.

నవంబరు ఎన్నికలో సగం దాటాలన్న నియమం లేదు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే విజేత. ఒక్క గుర్తుతో పార్టీ మొత్తానికి వేసే పద్ధతి 2020 నుంచి పోయింది, ఒక్కో పదవికీ విడిగా గుర్తు పెట్టాలి. ఇక్కడ కోర్టు జడ్జీలు కూడా పార్టీ పేరుతోనే పోటీ చేస్తారు. (కౌంటీ జడ్జి అన్న పేరు చూసి కోర్టు మనిషే అనుకోకండి. కౌంటీ పాలక మండలికి అధ్యక్షత వహించేది ఆయనే.)

వేరే రాష్ట్రంలోని బావగారి సలహా ఇక్కడ పనికి రాదు. న్యూజెర్సీలో డెమోక్రాట్‌గా నమోదైనవాళ్లు రిపబ్లికన్ ప్రైమరీలో వేయలేరు. కాలిఫోర్నియాలో అధ్యక్ష పదవి పక్కన పెడితే, గవర్నర్, కాంగ్రెస్ లాంటి వాటికి అన్ని పార్టీలవాళ్లూ ఒకే బ్యాలెట్‌లో ఉంటారు. మొదటి ఇద్దరూ ఒకే పార్టీ వారైనా సరే నవంబరుకు వెళ్తారు.

గ్రీన్ కార్డు, హెచ్-1బీ వాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో ఓటరుగా నమోదు చేయాలా అన్న ప్రశ్న ఉంటుంది. తొందరలో అవునని టిక్కు పెట్టి సంతకం చేస్తే, పౌరులం కాకుండానే పౌరులమని చెప్పినట్టవుతుంది. రేపు సిటిజన్‌షిప్‌కు అది అడ్డం పడొచ్చు, దేశం నుంచి పంపించేదాకా కూడా పోవచ్చు.

సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు కావాలి. ఆన్‌లైన్‌లో లైసెన్సు రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప, ఫారం మీద సంతకం పెట్టి కౌంటీకి పంపాల్సిందే. ముందస్తు పోలింగ్ రోజుల్లో మీ కౌంటీలోని ఏ కేంద్రంలోనైనా వేయొచ్చు. ఎన్నిక రోజు నియమం కౌంటీని బట్టి ఉంటుంది కాబట్టి కౌంటీ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. ఫోటో గుర్తింపుగా టెక్సాస్ లైసెన్సు, అమెరికా పాస్‌పోర్టుతో పాటు ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది. లోపల ఫోన్ వాడనివ్వరు. నేనైతే నమూనా బ్యాలెట్ చూసి పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్తాను, దానికి అభ్యంతరం లేదు.

ఇంగ్లీషు చదవలేని అమ్మానాన్నలకు కొడుకో కూతురో పక్కనుండి సాయం చేయొచ్చు. ముందు అక్కడే ప్రమాణం చేసి ఫారం నింపాలి. 65 దాటినవాళ్లు పోస్టు బ్యాలెట్ అడగొచ్చు. ఆ దరఖాస్తు ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టాలి, ఎన్నికకు 11 రోజుల ముందే కౌంటీకి చేరాలి. ప్రైమరీకైతే ఏ పార్టీ బ్యాలెట్ కావాలో కూడా అందులోనే రాయాలి.