ఎగిరినన్నాళ్ళూ నింద, దిగిపోయాక వందనం

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వైమానిక దళపు యుద్ధవిమానం మిగ్-21 కొలువు చాలించింది. నీటి ఫిరంగులతో వందనం చేశారు, ఉపన్యాసాలిచ్చారు. 1963లో అదే ఊళ్ళో మొదలైన బతుకది, అరవై రెండేళ్ళకు అక్కడే తెల్లారింది. అందులో సగం కథ కొరాపుట్ కొండల మీద నడిచింది.

విశాఖ నుంచి అరకు మీదుగా ఎక్కిపోతే సెమిలిగుడ, దాని పక్కనే సునాబెడ. 1936 దాకా ఈ ఊళ్ళున్న జయపురం సీమంతా మద్రాసు రాజధానిలోదే. అక్కడ తెలుగు ఇప్పటికీ పరాయి మాట కాదు. 1960లలో సోవియట్ లైసెన్సుతో మిగ్ తయారీకి పూనుకున్నప్పుడు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) పనిని మూడు చోట్లకు పంచారు. ఒళ్ళు నాసిక్‌లో, కళ్ళూ చెవులూ హైదరాబాద్‌లో, గుండె సునాబెడలో.

ఆ గుండె, అంటే ఇంజిన్, మామూలుది కాదు. ఎర్రగా కాగే వేడిలో టర్బైన్ రేకులు నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. ఒక రేకుకు వెంట్రుకవాసి పగులు పడి అది ఊడిందా, వెనకవాటన్నిటినీ నరుక్కుంటూ పోతుంది. అందుకే బిగించిన ప్రతి ఇంజిన్నూ టెస్ట్ బెడ్ మీద గర్జింపజేసి చూసి గానీ పంపరు. వాడిన గంటల లెక్క నిండితే ఓవర్‌హాల్‌కు మళ్ళీ ఆ కొండే ఎక్కాలి. కొన్ని ఇంజిన్లు తిరిగి రాలేదు.

దాని వైభవం చిన్నదేమీ కాదు. బంగ్లాదేశ్ యుద్ధంలో 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద మిగ్-21లు రాకెట్లు కురిపించాయి. గవర్నర్ ఆ రోజే రాజీనామా రాశాడు. రెండు రోజులకు యుద్ధం ముగిసింది. అప్పుడే దాన్ని గౌరవంగా సాగనంపే ఏర్పాట్లు మొదలై ఉంటే ఈ గాథ ఇక్కడే ఆగేది.

అలా జరగలేదు. దాని స్థానంలోకి రావలసిన తేజస్‌కు 1983లో పని మొదలైతే తొలి స్క్వాడ్రన్ 2016లో వచ్చింది. ఈలోగా సోవియట్ యూనియన్ కూలి, విడిభాగాల కోసం దేశదేశాలు తిరగాల్సి వచ్చింది. ముసలి విమానానికి కొత్త రాడార్ తొడిగి, బైసన్ అని పేరు పెట్టి, మళ్ళీ పైకి పంపారు. అది గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన వేగంతో రన్‌వే మీదికి దూసుకొచ్చే రకం. ఉన్నది ఒక్కటే ఇంజిన్. గద్ద తగిలి అది ఆగితే రెండోది లేదు. నెమ్మదైన కిరణ్ జెట్ మీద నేర్చుకున్న ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు మధ్యలో మరో మెట్టు లేకుండా దీనిమీదికి వెళ్ళేవారు. మధ్యన శిక్షణ విమానం ఉండాలని 1982లోనే కమిటీ చెప్పింది. ఆ విమానం, హాక్, బీదర్‌లో కొలువుకెక్కింది 2008లో. నా లెక్కలో ఈ ఇరవై ఆరేళ్ళే అసలు ప్రమాదం. మిగతావి దాని వాయిదాలు.

మిగ్ రకాలన్నీ కలిపి 2012 ఏప్రిల్ వరకు 482 ప్రమాదాలని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు పోయారని రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. కారణాలు మానవ తప్పిదం, సాంకేతిక లోపమట. ఆ మొదటి మాట ఎంత సులువో చూడండి. చనిపోయినవాడు బదులు చెప్పడు. 2001 సెప్టెంబరు 17 రాత్రి సూరత్‌గఢ్‌లో టేకాఫ్ అయిన కాసేపటికే ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ కూలిపోయాడు. తప్పు అతనిదేనని విచారణ తేల్చింది. ఆ మచ్చ చెరపడానికి తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడారు.

బతికి బయటపడినవాడు మాట్లాడితే కథ వేరుగా ఉంటుంది. 2005లో రాజస్థాన్‌లో మంటలంటుకున్న మిగ్-21లోంచి గాయాలతో దూకిన వింగ్ కమాండర్ సంజీత్ సింగ్ కైలా కోర్టుకెక్కారు. తయారీలో లోపం వల్లే జరిగిందని 2017 మేలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది. 55 లక్షలు పరిహారం ఇమ్మంది, అందులో 50 లక్షలు హెచ్ఏఎల్ నుంచి. అంతకుముందు ఎన్ని నోళ్ళు నేలలో కలిశాయో.

ప్రయాణికుల విమానాలూ కూలుతాయి, కానీ వాటి విచారణ జనం ముందుకొస్తుంది. 1977లో టెనెరిఫేలో రెండు జంబోలు ఢీకొని 583 మంది పోయారు. రన్‌వే ఖాళీ అయిందా అని ఫ్లైట్ ఇంజినీరు అనుమానపడ్డాడు, కెప్టెన్ వినిపించుకోలేదు. కాక్‌పిట్ సంభాషణంతా బయటపెట్టారు కాబట్టే, చిన్నవాడు పెద్దవాడికి అడ్డు చెప్పడం ఆ తర్వాత పైలట్ల శిక్షణలో పాఠమైంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో బోయింగ్ 787 కూలితే, రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ సెకను తేడాతో ఆఫ్ అయిన సంగతితో సహా, నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక జనం ముందుకొచ్చింది. దానిమీద వాదులాటలు వేరే కథ. వాదులాడుకోవడానికి కాగితమైనా చేతికొచ్చింది. ఎయిర్‌ఫోర్స్ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీకి ఆ అలవాటు లేదు.

ఒంటిసీటు మిగ్‌లో అడ్డు చెప్పడానికి పక్కన మనిషే లేడు. కింద ఉన్నవాళ్ళకైతే చెప్పేదీ వినేదీ కూడా లేదు. 2023 మే 8న సూరత్‌గఢ్ నుంచి లేచిన మిగ్-21 హనుమాన్‌గఢ్ దగ్గర ఒక ఇంటిమీద పడింది. పైలట్ పారాచూట్‌తో దిగాడు. ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు.

మిగ్-21 దిగిపోయినా సునాబెడకు పని తగ్గలేదు. సుఖోయ్‌ల కోసం 240 ఇంజిన్లు చేసిపెట్టమని 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 26 వేల కోట్ల పైచిలుకు ఒప్పందం రాసుకుంది. మిగ్-21లో మాత్రం దాచుకోవాల్సిన రహస్యం ఇక ఏమీ మిగల్లేదు. అవి మ్యూజియం సరుకు. వాటి విచారణ ఫైళ్ళు దేశ భద్రత పేరుతో కట్టిపెట్టి ఉంచడానికి నాకైతే సాకు కనిపించదు. తెరిస్తే మొదట 2001 సెప్టెంబరు 17 నాటి ఫైలు తెరవాలి.