రిజిస్టరు నుండి ట్యాబ్ వరకు: ఆరోగ్య కార్యకర్తకు నేర్పవలసినదేమి?

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండున్నవి. జనులు ఒకదానిని పెద్ద శంకరంపేట అనియు, రెండవదానిని చిన్న శంకరంపేట అనియు పిలుతురు. ప్రభుత్వ కాగితములలో మాత్రము మొదటిది 'శంకరంపేట (ఎ)', రెండవది 'శంకరంపేట (ఆర్)'.  ఊరివారికి ఇందు తికమక లేదు. కాని కంప్యూటరులో ఆ ఒక్క అక్షరము తప్పినచో, ఒక ఊరి గర్భిణి వివరములు మరియొక ఊరి లెక్కలో చేరును. ట్యాబ్ చేతబట్టిన ఆరోగ్య కార్యకర్తకు ఏ శిక్షణ కావలెను, దానిని ఎట్లు తెలిసికొనవలెను అను ప్రశ్న ఇట్టి చిన్న విషయములలోనే ఎదురగును.

ఈ ప్రశ్న యంత్రముతో పుట్టినది కాదు. గ్రామసీమలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెనని 1946లో భోర్ సంఘము సూచించినది. తరువాత గ్రామములలో పనిచేసిన ఎ.ఎన్.ఎం.లకు మొదట ముఖ్యముగా కాన్పులు, తల్లీబిడ్డల సంరక్షణ నేర్పెడివారు. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, ఇట్లు పనికొక కార్యకర్త ఉండుట ఆనాటి పద్ధతి. అన్ని పనులు తెలిసిన బహువిధ కార్యకర్తలు కావలెనని 1973లో కర్తార్ సింగ్ సంఘము చెప్పినది. పని మారినది, కావున పాఠము కూడ మారవలసి వచ్చినది. 1977లో ఎ.ఎన్.ఎం. పాఠ్యక్రమము సవరింపబడి, శిక్షణ కాలము 24 నెలల నుండి 18 నెలలకు తగ్గినది.

పాఠము మార్చుటకు ముందు లోటును కొలుచుట ఒక శాస్త్రముగా పెరిగినది. 1961లో అమెరికాలో మెగీ, థేయర్ అను ఇద్దరు శిక్షణావసరములను మూడు మెట్లుగా పరీక్షింపవలెనని వ్రాసిరి: సంస్థకు ఏమి కావలెను? ఆ పనికి ఏ నేర్పు కావలెను? పనిచేయు మనిషికి అందులో ఏది కొరవడినది? కావలసిన నేర్పునకు, ఉన్న నేర్పునకు నడుమగల వెలితియే శిక్షణావసరము.

తెలుగునాట ఈ వెలితికి క్రొత్త రూపము ఇటీవల వచ్చినది. ఈ శతాబ్ది ఆరంభములో నల్లగొండ జిల్లాలో సి.ఎం.సి. సంస్థ ఎ.ఎన్.ఎం.లకు అరచేతిలో ఇమిడెడి కంప్యూటర్లు ఇచ్చి ప్రయోగము చేసినది. పలు రిజిస్టర్లు నింపెడి శ్రమను తగ్గించుట దాని ఉద్దేశము. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో 'అన్‌మోల్' అను పేర ట్యాబ్ పద్ధతి ఆరంభమైనది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికి ప్రకటింపబడినది. దీనిలో చేరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య లభించును. వారి సమ్మతితో వివరములు ఒక ఆసుపత్రి నుండి మరియొక దానికి పోవును. వ్రాసిన తప్పు కూడ వానితోనే పోవును.

అయితే నమోదులో తప్పు కనబడినంతనే శిక్షణ చాలలేదని తీర్మానింపరాదు. కార్యకర్తకు తెలియక తప్పు జరుగవచ్చును. తెలిసినను సిగ్నలు అందక, బ్యాటరీ నిలువక నమోదు ఆగిపోవచ్చును. ఒకే వివరమును రిజిస్టరులోను, ట్యాబ్‌లోను రెండుమార్లు వ్రాయవలసి వచ్చి వేళ చాలకపోవచ్చును. వీనిలో మొదటిదానికే శిక్షణ మందు. తక్కిన రెంటికి తరగతులు ఎన్ని పెట్టినను ప్రయోజనము లేదు.

"మీకు ట్యాబ్ వచ్చునా?" అని అడిగి, వచ్చునన్న జవాబు వ్రాసికొనుట కూడ కొలత కాదు. మాదిరి వివరములిచ్చి నమోదు చేయించవలెను. పనివేళ ప్రక్కన నిలిచి చూడవలెను. పాత నమోదులను రిజిస్టరుతో సరిపోల్చవలెను.

ఒక ఉదాహరణము: గర్భిణికి హీమోగ్లోబిన్ డెసిలీటరు రక్తమునకు 7 గ్రాములకన్న తక్కువైనచో అది తీవ్ర రక్తహీనత. 6.8 అని చూచి 8.6 అని నొక్కినచో యంత్రము ఆక్షేపింపకపోవచ్చును. అదియు సంభవమగు అంకెయే గదా! కాని ఆ తల్లిని వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపవలసిన అవసరము ఆ అంకె చాటున మరుగుపడును. ఆమె కంటిరెప్ప లోపలి పాలిపోయిన రంగును చూచిన కార్యకర్త, ట్యాబ్‌పై 8.6 కనబడగానే సందేహింపవలెను. మీటలు నొక్కుట కొద్ది దినములలో వచ్చును. అంకెను మనిషితో సరిచూచు ఈ అలవాటు కార్యకర్తకు ఉన్నదో లేదో ముందుగా పరీక్షించి, లేనిచో నేర్పవలెను.